చీటీ ఊడిన బస్తా: అనంతపురంలో ఒక ఆడిటర్ ఆఫీసు కేసు

2025 సెప్టెంబర్ 18, గురువారం. పొద్దున పదకొండున్నర దాటి ఉంటుంది. కమలానగర్‌లోని ఒక ఆడిటర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడ రిటర్నులు వేసే అమ్మాయి.

"అన్నా, ఒక ఫైలు తెరిస్తే నల్లగా ఏదో తటుక్కున వచ్చి పోయినాది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అట్లే వచ్చి పోయినాది. ఏమన్నా అయితాదా?"

రెండోసారి కూడా నొక్కిందన్నమాట.

"ముందు నెట్ వైరు పీకమ్మా. కంప్యూటర్ మాత్రం ఆపొద్దు, అట్లే ఉండనీ" అన్నాను.

"భయమేసి ఎప్పుడో ఆపేసినాను అన్నా."

ఆపేస్తే మెమరీలో నడుస్తున్న ప్రోగ్రాముల ఆనవాళ్ళు పోతాయి. కానీ ఆ అమ్మాయిని అనడానికి లేదు. "ఏదైనా తేడాగా ఉంటే ముందు ఆఫ్ చేయండి" అని ఈ ఊళ్ళో అందరికీ నేర్పిందే మాలాంటి సర్వీసు వాళ్ళం.

సుభాష్ రోడ్డు నుంచి బండి మీద వెళ్ళేసరికి పన్నెండు. ఆ వారం ఆడిటర్ల ఆఫీసులకు ఊపిరాడని వారం. రెండు రోజుల కిందటే ఐటీఆర్ (ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను) గడువు ముగిసింది. 20వ తేదీకి జీఎస్టీ 3బీ అనే నెలవారీ రిటర్ను వేయాలి. 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు. ఆడిటర్ సార్ నన్ను చూడగానే అన్న మొదటి మాట: "ఏమప్పా, ఇరవై దాకా ఏదీ ముట్టుకోకుండా చూడగలవా?"

ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లు. ఎనిమిదింటిలో విండోస్ 10, స్కానర్ దగ్గరున్న ఒక్కదాంట్లో విండోస్ బదులు ఉచితంగా వచ్చే ఉబుంటు 20.04. లెటర్లకూ లెక్కలకూ లిబ్రె ఆఫీస్, క్లయింట్లు పంపే జిప్, రార్ ఫైళ్ళకు 7-జిప్, సంతకాల స్కాన్లు సరిచేయడానికి జింప్, వీడియోలకు వీఎల్‌సీ. ఇవన్నీ 2020 జూన్‌లో నేను వేసినవే. లైసెన్సు డబ్బులు మిగులుతాయని సార్‌కు చెప్పి ఒప్పించింది కూడా నేనే. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, తర్వాత అవసరం పడుతుంది.

ఏం జరిగిందో తేల్చడం పెద్ద కష్టం కాలేదు. ఒక పాత క్లయింటు ఈమెయిల్ నుంచి మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ అకౌంట్‌ను ఎవరో కొట్టేశారని సాయంత్రం తెలిసింది. "కొత్త జీఎస్టీ రేట్ల పట్టిక" అని ఒక లింకు. సెప్టెంబర్ మూడో వారంలో ఆ పేరుతో వస్తే ఏ ఆడిటర్ ఆఫీసులోనైనా తెరుస్తారు, నేనైనా తెరుస్తాను. లింకు నొక్కితే జిప్ ఫైలు దిగింది. అందులో ఇంకో జిప్. దాని లోపల పీడీఎఫ్ పేరు పెట్టుకున్న జావాస్క్రిప్ట్ ఫైలు. ఫైలు పేరు చివర దాని రకం చెప్పే అక్షరాలను, అంటే ఎక్స్‌టెన్షన్లను, విండోస్ మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి చివర జేఎస్ కాకుండా పీడీఎఫ్ అన్నట్టే కనిపించింది. నొక్కగానే స్క్రిప్టు నడిచింది, అది విండోస్‌తోనే వచ్చే కమాండ్ల టూల్ పవర్‌షెల్‌ను లేపింది. తటుక్కున వచ్చిపోయిన నలుపు అదే.

కంప్యూటర్‌ను నెట్ లేకుండా లేపి, విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్ చూస్తే, పవర్‌షెల్ లాగ్‌లో 4104 నంబరు ఎంట్రీలు రెండు ఉన్నాయి. అనుమానంగా కనిపించిన స్క్రిప్టును పవర్‌షెల్ ఎవరూ చెప్పకపోయినా అక్కడ రాసిపెడుతుంది. రెండు నొక్కులకు రెండు ఎంట్రీలు. బయటి నుంచి ఒక ఫైలు దింపమని అందులో ఉంది. దింపిన ఫైలును విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ రెండుసార్లూ పట్టి క్వారంటైన్‌లో పెట్టింది. మా తెలివి ఏమీ లేదు ఇందులో, ఆ రోజు మా టైమ్ బాగుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు మెయిల్ పెట్టాలా వద్దా అని సార్ కాసేపు వెనకాడారు. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఇలాంటివి తెలిసిన ఆరు గంటల్లోపు చెప్పాలి. సాయంత్రం నాలుగున్నరకు పంపాం.

రాసి కొట్టేసిన నంబరు

అసలు ప్రశ్న ఇది: నెట్ నుంచి దిగిన స్క్రిప్టు ఫైలును నొక్కితే విండోస్ "ఇది ఎక్కడి నుంచో వచ్చింది, తెరవమంటారా" అని అడగాలి. ఇక్కడ ఎందుకు అడగలేదు?

ఆ అడగడం వెనక ఉన్నది ఒక చిన్న చీటీ. బ్రౌజర్ ఏ ఫైలు దింపినా దానికి జోన్ ఐడెంటిఫయర్ అనే చీటీ కడుతుంది. "జోన్ ఐడీ 3" అని ఉంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందని అర్థం. విండోస్ హెచ్చరికలు చాలావరకు ఆ చీటీని చూసే వస్తాయి. మన మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాకు కట్టే చీటీ లాంటిదే. చీటీ బస్తాకు ఉంటుంది, కాయలకు కాదు. బస్తా విప్పి వేరే సంచిలో పోస్తే, ఎవరో ఒకరు ఆ చీటీని కొత్త సంచికి కూడా కట్టాలి. జిప్ విప్పే సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని అదే.

ఇక్కడ నేను తొందరపడ్డాను. జిప్‌లో జిప్ కనిపించగానే రిపోర్టులో కారణం దగ్గర "సీవీఈ-2025-0411" అని రాసేశాను. సీవీఈ అంటే బయటపడిన సాఫ్ట్‌వేర్ లోపానికి ఇచ్చే నంబరు. ఆ లోపం 7-జిప్‌దే. బయటి జిప్‌కు ఉన్న చీటీని లోపలి జిప్ నుంచి తీసిన ఫైళ్ళకు అది కట్టేది కాదు. యుక్రెయిన్‌లోని ఆఫీసుల మీద దీన్ని వాడుతున్నారని సైబర్ సెక్యూరిటీ కంపెనీ ట్రెండ్ మైక్రో వాళ్ళు 2024 సెప్టెంబర్‌లో గుర్తించారు. నవంబర్ చివర్లో వచ్చిన 24.09 వెర్షన్‌లో సరిచేశారు. నంబరు బయటికి వచ్చింది 2025 జనవరిలో. మా కేసుకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

తర్వాత ఆ కంప్యూటర్‌లో 7-జిప్ తెరిచి హెల్ప్, అబౌట్ నొక్కాను. 19.00 అని ఉంది. 2019 ఫిబ్రవరి నాటిది.

7-జిప్ అసలు ఈ చీటీ సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టిందే 22.00లో, 2022 జూన్‌లో. 19.00కి ఒక్క జిప్ అయినా, జిప్‌లో జిప్ అయినా ఒకటే, చీటీ అనేది ఉందనే దానికి తెలియదు. తలుపే లేని ఇంటికి గడియ సరిగా పడలేదని రాసినట్టయింది నా రిపోర్టు. ఆ నంబరు కొట్టేసి, "ఆరేళ్ళ పాత వెర్షన్" అని రాశాను. సర్వీసు పుస్తకం చూస్తే 2020 జూన్ 11న దాన్ని వేసిన చేతిరాత నాదే. జిప్ ఫైళ్ళన్నీ 7-జిప్‌లోనే తెరుచుకునేలా పెట్టింది కూడా నేనే. విండోస్ సొంతంగా జిప్ విప్పి ఉంటే ఆ చీటీ కట్టేది.

2020 జూన్‌లో 7-జిప్ స్టేబుల్ వెర్షన్లలో కొత్తది 19.00యే, తప్పల్లా ఆ తర్వాత అప్‌డేట్ చేయకపోవడం. ఇంతకీ ఆ రోజు ఏది కొత్తదో ఏది పాతదో కూడా ఎందుకు చూసుకోలేదు? నా జేబులో "సాఫ్ట్‌వేర్స్" అనే ఫోల్డర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఉంది కాబట్టి. లాక్‌డౌన్ సడలిన కొత్త, నెట్ నెమ్మది, తొమ్మిది కంప్యూటర్లు, మధ్యాహ్నానికల్లా ఇంకో ఆఫీసుకు పోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది వేసుకుంటూ పోయాను.

కొత్తది వేసినా రాని హెచ్చరిక

ఆ సాయంత్రమే అన్నింట్లో 7-జిప్ 25.01 వేశాను. అప్పటికి అదే కొత్తది. 25.00, 25.01లలో సింబాలిక్ లింకుల (వేరే చోటికి దారి చూపే ఫైళ్ళ) ద్వారా ఫైళ్ళను వేరే ఫోల్డర్లలోకి తోసే లోపాలను కూడా సరిచేశారు. ఇంతటితో అయిపోయిందనుకుని సంచి సర్దుకోబోయి, ఎందుకో ఒకసారి పరీక్షిద్దాం అనిపించింది.

నోట్‌ప్యాడ్‌లో ఒక చిన్న జేఎస్ ఫైలు రాశాను. నడిస్తే "నమస్కారం" అని బాక్సు చూపించడం తప్ప ఇంకేమీ చేయదు. దాన్ని జిప్ చేసి, ఆ జిప్‌ను ఇంకో జిప్‌లో పెట్టి, నా డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ కంప్యూటర్‌లో క్రోమ్‌తో దింపాను. కమాండ్ ప్రాంప్ట్‌లో, ఫైళ్ళతో పాటు వాటి చీటీలనూ చూపించే డీఐఆర్ స్లాష్ ఆర్ కొడితే జిప్ పేరు కింద జోన్ ఐడెంటిఫయర్ అనే రెండో వరుస కనిపించింది. నోట్‌ప్యాడ్‌తో దాన్ని తెరిస్తే మూడు నాలుగు లైన్లు: జోన్ ఐడీ 3, కింద ఎక్కడి నుంచి దిగిందో ఆ లింకు. ఇరుక్కున్న కంప్యూటర్‌లో దొంగ జిప్ ఏ సైటు నుంచి వచ్చిందో నాకు తెలిసింది కూడా దాని చీటీ చదివే. బయటి బస్తాకు చీటీ ఉంది.

ఇప్పుడు 7-జిప్ కిటికీలోనే లోపలి జిప్ మీద డబుల్ క్లిక్, దాని లోపలి ఫైలును డెస్క్‌టాప్ మీదికి తీశాను. మళ్ళీ డీఐఆర్ స్లాష్ ఆర్. ఒకే వరుస. చీటీ లేదు. డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రశ్నా లేకుండా "నమస్కారం" వచ్చి కూర్చుంది.

లేటెస్ట్ వెర్షన్. లోపం సరిచేసిన వెర్షన్. అయినా అంతే.

కారణం సెట్టింగ్‌లో ఉంది. 7-జిప్ ఫైల్ మేనేజర్‌లో టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్తే 7-జిప్ ట్యాబ్ కింద "ప్రాపగేట్ జోన్ ఐడీ స్ట్రీమ్" అని ఒక వరుస ఉంటుంది. నో, యెస్, ఆఫీస్ ఫైళ్ళకు మాత్రం, ఇవీ అందులో ఉండేవి. ఎనిమిది కంప్యూటర్లలోనూ అది "నో" మీదే ఉంది. అంటే 24.09లో సరిచేసింది చీటీ కట్టే పనిలోని ఒక పొరపాటును. కట్టమని చెప్పకపోతే అసలు ఆ పనే మొదలుకాదు. "యెస్" పెట్టి మళ్ళీ అదే పరీక్ష చేస్తే ఫైలు కింద రెండో వరుస వచ్చింది. డబుల్ క్లిక్ చేస్తే విండోస్ ఆగి అడిగింది.

ఇంకో మెలిక. ఆ సెట్టింగ్ కంప్యూటర్‌కు కాదు, యూజర్‌కు. ఆఫీసులో మూడు కంప్యూటర్లను ఇద్దరేసి వాడుతున్నారు, లాగిన్లు వేరు. నేను ఒకరి లాగిన్‌లో మార్చి వచ్చేస్తే రెండోవాళ్ళకు పాత కథే. మరుసటి రోజు మళ్ళీ వెళ్ళి పదకొండు లాగిన్లలో మార్చాను. అప్‌డేట్ చేయండి అని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను కానీ, ఈ వరుస మార్చమని చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

పెన్‌డ్రైవ్‌తో ఇంకో తంటా. పెన్‌డ్రైవ్‌లకు మామూలుగా ఉండే ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లలో ఈ చీటీ దాచుకునే చోటే ఉండదు. ఒక కంప్యూటర్‌లో దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంకో కంప్యూటర్‌లో పెడితే ఎంత కొత్త 7-జిప్ ఉన్నా చీటీ దారిలోనే రాలిపోతుంది. ఈ ఆఫీసులో రోజూ జరిగే పని అదే. ఉబుంటు మీద నేను పెట్టిన షేర్ ఫోల్డర్‌లో కూడా అదే జరుగుతోందని చూశాను. అందుకే చీటీ మీదే భారం వేయకుండా రెండు మొరటు పనులు చేశాను. అన్ని కంప్యూటర్లలో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టాను. జేఎస్ ఫైళ్ళు నొక్కితే నడవకుండా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చాను. ఇకమీద ఎవరైనా నొక్కితే అర్థంకాని అక్షరాలు కనిపిస్తాయి, అంతే. ఈ ఆఫీసుకు అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా లెక్క. దానికి ఏ కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

మౌస్ కదిపితే చాలు

అన్నింటిలో ఏ వెర్షన్లున్నాయో వింగెట్ అనే విండోస్ టూల్‌తో లిస్టు తీసినప్పుడు ఒక కంప్యూటర్‌లో లిబ్రె ఆఫీస్ 6.1.2 బయటపడింది. అదీ నా పెన్‌డ్రైవ్‌దే. దాని సంగతి నాకు బాగా తెలుసు.

2019 ఫిబ్రవరిలో అలెక్స్ ఇన్‌ఫ్యూర్ అనే పరిశోధకుడు బయటపెట్టిన లోపం అందులో ఉంది, సీవీఈ-2018-16858. డాక్యుమెంట్‌లో ఒక లింకు పెట్టి, మౌస్ దాని మీదికి వస్తే ఒక స్క్రిప్టు నడవాలి అని రాయొచ్చు. ఆ స్క్రిప్టు ఉండే దారిలో వెనక్కి వెనక్కి పోయే గుర్తులు పెడితే, లిబ్రె ఆఫీస్‌తో పాటే వచ్చే పైథాన్ ఫైళ్ళలో ఒకదాన్ని పట్టుకుని దానితో ఏ కమాండ్ అయినా నడిపించొచ్చు. డాక్యుమెంట్లలో దాగిన ప్రోగ్రాములను ఆపే మాక్రో సెక్యూరిటీ ఎంత గట్టిగా పెట్టినా లాభం లేదు, ఆ పైథాన్ ఫైలు ఇంట్లో మనిషి కాబట్టి ఎవరూ అడగరు. 6.0.7, 6.1.3లలో దీన్ని సరిచేశారు. అదే ఏడాది లిబ్రెలోగో అనే చిన్న బొమ్మల టూల్ ద్వారా అలాంటిదే ఇంకో దారి దొరికింది, 6.2.5లో మూశారు. మూసినదాన్ని తప్పించుకునే దారి మళ్ళీ దొరికితే 6.2.6లో మళ్ళీ మూశారు.

సార్‌కు ఇది నోటితో చెబితే ఎక్కలేదు. నా పాత ల్యాప్‌టాప్‌లో నెట్ తీసేసి 6.1.2 వేసి చూపించాను. డాక్యుమెంట్ తెరిచాను, తెల్ల కాగితం. లింకు అక్షరాలు కూడా తెల్లవే కాబట్టి ఏమీ కనిపించదు. "సార్, మౌస్ ఊరికే కొంచెం కదపండి" అన్నాను. కదిపారు. కాలిక్యులేటర్ తెరుచుకుంది.

"నేను ఏమీ నొక్కలేదు కదప్పా!"

"నొక్కలేదు సార్."

ఆయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఉచితంగా వచ్చేవాటితో ఇదే గోల. డబ్బులిచ్చి కొనేద్దాం" అన్నారు తర్వాత.

దీనికి నేను ఒప్పుకోలేదు. 7-జిప్ చేసే పనే చేసి డబ్బులు తీసుకునే విన్‌రార్‌లో 2023లో సీవీఈ-2023-38831 బయటపడింది. దాన్ని సరిచేసిన 6.23 ఆగస్టులో వచ్చేసరికే దొంగలు నెలల తరబడి దాన్ని వాడుతున్నారు. అదీ 7-జిప్ లాగే తనంతట తాను అప్‌డేట్ కాదు. లిబ్రె ఆఫీస్ వాళ్ళు మందు ఎప్పుడో తయారుచేసి పెట్టారు, 6.1.2ను నేను ఇక్కడ వేసేనాటికే ఆ లోపం బయటపడి పదహారు నెలలు. కొనే సాఫ్ట్‌వేర్ వేసి ఉన్నా నా పెన్‌డ్రైవ్ అదే, నా తొందర అదే. సార్‌తో ఇంత వివరంగా అనలేదు, "బాకీ నాది సార్, సాఫ్ట్‌వేర్‌ది కాదు" అన్నాను.

రెండు రోజుల తర్వాత ఆఫీసు వాట్సాప్ గ్రూప్‌లో "వీఎల్‌సీ వెంటనే తీసేయండి, ప్రమాదకరం" అని ఒక ఫార్వర్డ్ వచ్చి ఇంకో టెన్షన్ పెట్టింది. అది 2019 జూలై నాటి పాత వార్త. జర్మనీ ప్రభుత్వ సెక్యూరిటీ విభాగం వీఎల్‌సీలో 10కి 9.8 తీవ్రత ఉన్న లోపం ఉందని హెచ్చరించింది. తీరా చూస్తే లోపం లిబ్‌ఈబీఎంఎల్ అనే వేరే లైబ్రరీలో ఉంది, పదహారు నెలల ముందే సరిచేశారు, వీఎల్‌సీ 3.0.3 నుంచి మంచి లైబ్రరీతోనే వస్తోంది. లోపం ఉందని చెప్పిన మనిషి కంప్యూటర్‌లో పాత లైబ్రరీ ఉండిపోయింది. తర్వాత ఆ మార్కును 5.5కి తగ్గించారు. వీఎల్‌సీ తీయలేదు, అప్‌డేట్ మాత్రం చేశాను.

ఓటీపీల రెండు రోజులు

టెక్నికల్ పని ఒక పూట. మిగతాదే నడుము విరిచింది. ఇరుక్కున్న కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద "పాస్‌వర్డ్స్" అనే ఫైలు ఉంది. నూట నలభై మంది క్లయింట్ల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ లాగిన్లు అందులోనే. డిఫెండర్ పట్టుకుందని లాగ్ చెబుతున్నా, పోయాయనే లెక్కతో అన్నీ మార్చాలని పట్టుబట్టాను. 3బీ గడువు ముందర పెట్టుకుని ఈ పని చెప్పినందుకు ఆఫీసులో నా ముఖం చూడటం మానేశారు.

ఫైలులో ఉన్న పాస్‌వర్డ్ పనిచేస్తే లోపలికెళ్ళి మార్చేయొచ్చు. చాలావాటిలో పాతవి ఉన్నాయి. వాటికి "ఫర్‌గాట్" నొక్కితే ఓటీపీ క్లయింటు ఫోనుకు పోతుంది. ఆ అమ్మాయి ఒక్కొక్కరికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఒక నూనె మిల్లు ఆయన స్పీకర్‌లో గట్టిగా అరిచారు: "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోయిన నెల మీ సారే చెప్పినారు కదమ్మా! నువ్వు ఎవరో నాకేం తెలుసు?" సార్ ఫోన్ అందుకుని మాట్లాడితే గానీ చెప్పలేదు. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

కొత్త పాస్‌వర్డ్‌లు, వాటిని తాళం వేసి దాచే కీపాస్‌ఎక్స్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాను. ఇరుక్కున్న కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి, ఇంక విండోస్ 10 వద్దని 11 వేశాను. 2025 అక్టోబర్ 14తో 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. మిగతా ఏడింటిలో నాలుగు 11కి సరిపోవు. వాటి సంగతి సార్ ఇంకా తేల్చలేదు.

ఉబుంటు కంప్యూటర్ దగ్గర ఒక చిన్న తికమక. లోపాలు వెతికే సాఫ్ట్‌వేర్ అందులోని లిబ్రె ఆఫీస్ 6.4.7ను చూసి ఎర్రగా అరిచింది. ఉబుంటు వాళ్ళు వెర్షన్ నంబరు మార్చకుండానే భద్రతా మరమ్మతులు పాతదాంట్లోకి ఎక్కిస్తారు. అందుకని ఆ ఎరుపులో సగం ఉత్తుత్తిది. కానీ 20.04కి మామూలు సపోర్ట్ 2025 మే 31తోనే అయిపోయింది, ఆ తర్వాతి దాదాపు నాలుగు నెలల మరమ్మతులు ఏవీ రాలేదు. ముందు 22.04కి, అక్కడి నుంచి 24.04కి తెచ్చాను. మధ్యలో స్కానర్ డ్రైవర్ ఒక పూట తిప్పలు పెట్టింది.

ఇప్పుడు నెలలో 25 దాటాక వచ్చే మొదటి శనివారం ఆ ఆఫీసుకు వెళ్తున్నాను. జీఎస్టీ రిటర్నుల గడువులు 11, 20 తేదీలు దాటి ఉంటాయి, ఎవరూ తిట్టరు. వింగెట్‌తో అప్‌గ్రేడ్ కొట్టి, ఏ కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందో సర్వీసు పుస్తకంలో రాసి, ఆ "నమస్కారం" జిప్‌ను ఒక్కో లాగిన్‌లో దింపి చూస్తాను. నోట్‌ప్యాడ్ తెరుచుకుని, ఫైలు కింద రెండో వరుస కనిపిస్తే పాస్. అక్టోబర్‌లో కొత్తగా చేరిన అబ్బాయి లాగిన్ ఫెయిలైంది, 7-జిప్‌లో ఆ సెట్టింగ్ మళ్ళీ "నో" మీదే ఉంది.

పెన్‌డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్ తీసేశాను. కానీ 2020, 2021లలో దాంతోనే సాఫ్ట్‌వేర్ వేసిన ఆఫీసులు సర్వీసు పుస్తకంలో ఇంకా పద్నాలుగు ఉన్నాయి. ధర్మవరంలో చీరల షాపులు మూడు, గుత్తిలో ఒక స్కూలు, ఇలా. మొన్న తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్ళి 7-జిప్‌లో హెల్ప్, అబౌట్ నొక్కితే 16.04 అని వచ్చింది. అది నేను వేసింది కూడా కాదు, నాకంటే ముందు వచ్చినవాళ్ళది. ఓనర్ టీ తెప్పించి, "ఎంతవుతుంది?" అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. నమ్మలేదు.